నేల సినిమా

తిరుగుతోంది. అరచేతిలో ఇమిడే వీడియో కెమెరా పొట్టలో, అగ్గిపెట్టెకి అన్నయ్యలాంటి ఆ చిన్న క్యాసెట్టు మొత్తానికి తిరుగుతోంది, నిద్రలో పళ్ళు కొరికే చంటిపిల్ల చేసేంత చప్పుడుతో. కెమెరా నడుములో గుచ్చిన వైరు బల్ల మీదుగా పాకి కంప్యూటరు వీపులోకి దూరింది. తెర మీద నల్లటి కిటికీలో తెల్లటి అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతున్నాయి. అంటే వస్తోంది. ఏదో ఒకటి వస్తోంది. ఇల్లాలు కుర్చీ అంచున కూర్చుని, గట్టిగా ఊపిరి వదిలితే వైరు ఊడుతుందేమోనన్నట్టు పొదుపుగా గాలి పీల్చుకుంటోంది. ఇక గంట. గంట టేపు గంటసేపు ఆడితేనే కంప్యూటర్లోకి దిగుతుంది వదినా, తొందరపెట్టే మార్గం లేదు అని మరిది ఫోనులో మరీ మరీ చెప్పాడు, ఆడదానికి ఆగడం నేర్పుతున్నాడు పాపం. పొయ్యి మీద ఎసరు, బయటికెళ్ళిన మొగుడు, బడికెళ్ళిన పిల్ల, దేనికో దానికి ఆగడమే కదా ఇన్నేళ్ళూ చేసిన ఉద్యోగం. కాకపోతే ఎసరుకైతే మధ్యలో మూత తీసి చూసే వీలుంటుంది, మొగుడికైతే వీధి చివరిదాకా చూపు సాగించే వీలుంటుంది. ఈ గంటకి మూతా లేదు, వీధీ లేదు.

ఎందుకు లేదంటే, కెమెరాకి నోరు పోయింది. ఎప్పుడో బీరువా పైనుంచి పడి దాని స్పీకరు చచ్చింది. పక్కకి తలుపులా తెరుచుకునే బుల్లి తెర మాత్రం బతికే ఉంది గనక బొమ్మ కనపడుతుంది, మాట వినపడదు. పోనీ కంప్యూటర్లో విందామా అంటే, అది టేపుని లోపలికి తీసుకుంటున్నంతసేపూ దాన్ని కదిలించకూడదు. ముసలి కంప్యూటరు, ఒక పనిలో ఉండగా ఇంకో పని చెబితే రెండూ వదిలేసి నిలబడిపోతుంది. ఈ ఇంట్లో అలాంటివారు ఇంకొకరు ఉన్నారు కాబట్టి ఆ స్వభావం ఆమెకి కొత్త కాదు. టేపంతా దిగాక, ఆ ఫైలు తెరిచాక, అప్పుడు తెలుస్తుంది అందులో శబ్దం మిగిలిందో లేదో. కెమెరాలు బాగుచేసే మెకానిక్ కంటికి భూతద్దం తగిలించుకుని టేపు అంచు చూసి, ఎక్స్‌రే చూసిన డాక్టరులా పెదవి విరిచాడు. "బూజు పట్టిందమ్మా. తుడిచిచ్చాను. ఒకసారి ఆడుతుంది, రెండోసారికి నాది పూచీ కాదు." "మాటలు కూడా వస్తాయాండీ?" "బొమ్మొస్తే సంతోషించండి. శబ్దం మనిషిలాంటిది కాదు, చెప్పకుండా పోతుంది." మనుషులు మాత్రం చెప్పే పోతున్నారా నాయనా అని అడగబోయి, టేపు అతని చేతిలో ఉంది కదా అని ఊరుకుంది.

అమ్మ కిటికీ పక్కన మడత కుర్చీలో కూర్చుని అల్లుడి చొక్కాకి బొత్తాం కుడుతోంది. ఊరందరి ఆడపిల్లలకీ గౌన్లు కుట్టిన చేతులు. కుడిచేతి నడిమి వేలికి ఇనప తొడుగు, సూది గుచ్చుకోకుండా దర్జీలు పెట్టుకునేది. ఇప్పుడు అమ్మ నోరు కూడా అదే. గొంతులో పుట్టిన గడ్డతో పాటు డాక్టర్లు మాటపెట్టెని కూడా తీసేశాక, అమ్మ ఆ తొడుగుతో ఏది అందితే దాన్ని కొట్టి మాట్లాడుతుంది. ఒక దెబ్బ అవును. రెండు దెబ్బలు కాదు. ఆపకుండా కొడితే, నీ మొహం. ఈ మూడింటితో సంసారం మొత్తం నడపొచ్చనీ మిగతా భాషంతా దుబారా ఖర్చనీ అమ్మ రుజువు చేసి చాలా ఏళ్ళయింది.

"ఇది అయ్యాక టీ పెడతానమ్మా."

టక్.

"పంచదార లేకుండా."

టక్ టక్.

"డాక్టరు వద్దన్నాడుగా."

టకటకటకటక.

డాక్టరుకి కూడా అదే సమాధానం అనుకుంది ఇల్లాలు, అంకెల మీంచి చూపు తిప్పకుండా. అంకెలు బాగానే ఉన్నాయి. పెరుగుతున్న కొద్దీ మనసుకి హాయిగా ఉంది, ఏదో తనే పెంచుతున్నట్టు. అమ్మకి తెలియదు ఈ టేపులో ఈమె దేనికోసం వెతుకుతోందో. మనవరాలి చిన్నప్పటి బొమ్మలు కావాలని కూతురు ముచ్చటపడుతోంది, పడనీ అనుకుంటోంది. చెప్పడం ఎలా? అమ్మా, నీ గొంతు మర్చిపోయానే అని, బొత్తాం కుట్టుకుంటున్న మనిషి మొహం మీద ఎలా చెప్పడం? అది తెలిసింది కూడా ఏ పెద్ద సందర్భంలోనూ కాదు, దిండు గలీబు ఇస్త్రీ చేస్తుండగా. గలీబు మూల ముడత పడితే, తొందరగా కుట్టిన గౌను తొడిగేలోపే చిరుగుతుందే అన్న అమ్మ మాట గుర్తొచ్చింది, గుర్తొచ్చిన మాట తన గొంతుతో వినపడింది. ఇదేమిటి అని ఇంకో మాట తలుచుకుంది. తన గొంతే. తిట్టు ఒకటి తలుచుకుంది, మంచి తిట్టే, అదీ తన గొంతే. ఒక సినిమాలో అందరికీ ఒక్కరే గొంతు అరువిచ్చినట్టు, అమ్మ నోరు కదులుతుంది, మాట తనదొస్తుంది. అమ్మ ఎలా మాట్లాడేదో చెప్పమంటే మాత్రం పరీక్ష రాసినట్టు రాసేస్తుంది: పెదాల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులు కరిచి పట్టుకుని ఉండేది కాబట్టి ఎడమ మూలనుంచి మాట్లాడేది, స-లన్నీ ఈల వేసేవి, వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు కిందికి దిగకుండా పైకి వెళ్ళేది, ప్రతిదీ సగం ప్రశ్నలాగే ఉండేది. చెప్పడానికేం, చెప్పొచ్చు. ఉప్పగా ఉంటుంది అన్నంత మాత్రాన నాలుకకి ఉప్పు తగులుతుందా? ఆ మధ్యాహ్నం గలీబు మీద గోధుమరంగు ఇస్త్రీపెట్టె ముద్ర పడింది. ఆ దిండు ఇప్పటికీ ఆయన తలకిందే ఉంటుంది, ఆయన చూడలేదు.

ఎక్కడైనా ఉంటుందా ఆ గొంతు? పెళ్ళి వీడియో ఉంది, అందులో మొదట్నించీ చివరిదాకా సన్నాయి లాంటిదేదో మోత, దాని వెనక అందరూ చేపల్లా నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉంటారు. అప్పటి ఫోన్లు మాట్లాడటానికి తప్ప దాచుకోవడానికి పనికొచ్చేవి కావు. ఇక ఈ కెమెరా. దీని ముందు అమ్మ ఏనాడూ పెదవి కదపలేదు. కెమెరా తన వైపు తిరిగిందంటే చాలు, పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయేది, రెప్ప కూడా వేసేది కాదు. అది పక్కకి తిరగ్గానే, ఆపేశారని తెలియగానే, మూతి బిగించిన మూటముడి విప్పినట్టు మాటలన్నీ గుమ్మరించేది. ఆపాక మాట్లాడేది. ఎప్పుడూ ఆపాకే. ఆ మాట రెండోసారి అనుకున్నప్పుడు ఇల్లాలు ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఖాళీ ఇంట్లో పైకే నవ్వింది. ఎందుకంటే కెమెరా పట్టుకున్నది ఆయన.

ఆయన నగరపాలక సంస్థలో కూడళ్ళ దగ్గర సిగ్నలు దీపాలు చూసుకునే సూపర్‌వైజరు. ఎర్రది వెలిగితే ఆగాలి, పచ్చది వెలిగితే పోవాలి. ఆయనకి లోకమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది, ఇంట్లో కూడా అలాగే ఉంటే బాగుండునని ఆయన కోరిక. కెమెరా కొన్న రోజు దానితో వచ్చిన పుస్తకాన్ని కుర్చీ ఊగకుండా దాని కాలి కింద పెట్టాడు. కెమెరా మీద చిన్న ఎర్ర దీపం ఉంది. బొత్తాం నొక్కితే వెలుగుతుంది, మళ్ళీ నొక్కితే ఆరుతుంది. ఎర్రది వెలిగితే ఆగిపోయినట్టు, ఇది చంటిపిల్లకైనా తెలుస్తుంది అన్నాడు. అలా ఒక సముద్రపు షికారు, ఒక బడి ఆటలపోటీ, పిల్ల ఐదో పుట్టినరోజు, దీపం ఆర్పి మరీ శ్రద్ధగా తీశాడు. అయిపోగానే దీపం వెలిగించి, కెమెరాని చేతికి వేలాడదీసుకుని తిరిగాడు. తీరా బంధువులందర్నీ కూర్చోబెట్టి టీవీలో వేస్తే, ఇసక. ఇసక మీద ఆయన చెప్పులు. కెమెరా భాషలో ఎర్రదంటే తీస్తున్నానని అర్థం. "ఇదేంటి బావగారూ, నేల సినిమానా?" అన్నారెవరో. ఆయన రెండో నిమిషంలోనే టీవీ కట్టేసి, కెమెరాని బీరువా పైకెక్కించి, మళ్ళీ దాని పేరెత్తలేదు. ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి నవ్విన ఆ నేల సినిమాలో, అంటే, తీయాల్సిందేదీ లేదు. తీయకూడదనుకున్నదంతా ఉంది. కెమెరా ఆగిందనుకుని అందరూ మాట్లాడిందంతా ఉంది. అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఎవరో వేరే చెప్పాలా? భగవంతుడా, మా ఆయన తెలివికి నీకు నా నమస్కారం అనుకుంది ఆ ఇస్త్రీబల్ల దగ్గర, పెళ్ళయ్యాక మొదటిసారిగా.

అనుకోవడం తేలిక. కెమెరాకి రెండు కన్నాలున్నాయి. అందరికీ తెలిసిన యూఎస్‌బీ కన్నంలో వైరు పెడితే, కంప్యూటరు చాలా మర్యాదగా ఒకే ఒక్క ఫొటో ఇచ్చింది, దుకాణంలో ఎవరో పరీక్షకి తీసిన సీలింగు ఫ్యాను బొమ్మ. టేపులో సరుకు ఆ దారిన రాదట, ఫైర్‌వైర్ అనే రెండో కన్నంలోంచే వస్తుందట, ఆ వైరు ఇప్పుడు ఎవరూ అమ్మరట. మెకానిక్ తన అటక మీంచి దించి ఇచ్చాడు, దాన్ని తగిలించుకునే చిన్న కార్డు కూడా. కంప్యూటరు పక్క రేకు విప్పి ఆ కార్డు గుచ్చింది తనే. లోపల ఉన్న దుమ్ము చూసి ముందు సిగ్గేసింది, తర్వాత బ్రష్షు తెచ్చుకుంది. ఆ కంప్యూటరు సంగతి వేరే కథ. పాత వ్యవస్థ మొరాయిస్తే పారేద్దామన్నాడాయన. మరిది వచ్చి అందులో లైనక్స్ ఎక్కించి, "ఇది చావదు వదినా, కానీ నువ్వేం కావాలో సరిగ్గా అడగాలి" అన్నాడు. సరిగ్గా అడగడం ఏమిటో ఈ పొద్దున తెలిసింది. టేపుని పట్టుకునే ప్రోగ్రాము పేరు అక్షరం అక్షరం కొడితే, నీకు అనుమతి లేదు పొమ్మంది. తను తుడిచిన బల్ల మీద, తను విప్పి బిగించిన పెట్టె, తనకే అనుమతి లేదంటుంది. ఈ మాట ఇదివరకు అత్తగారినుంచి విన్నది, ఆయన నుంచి విన్నది, బ్యాంకు గుమాస్తా నుంచి విన్నది. దుమ్ము దులిపించుకున్న వస్తువు అనడం ఇదే మొదలు. ఫోను చేస్తే మరిది నవ్వి, "ముందు సుడో అని చేర్చు వదినా. అంటే ఇంటి పెద్దగా అడుగుతున్నానని" అన్నాడు. చేర్చింది. నిజంగా ఇంటి పెద్దవేనా అన్నట్టు పాస్‌వర్డు అడిగింది. కొడుతుంటే ఒక్క చుక్క కూడా పడదు తెరమీద, కొట్టామో లేదో మనకే అనుమానం. కొత్తకోడలు చేసిన పనిలా, ఎక్కడా లెక్కకి రాదు. కొట్టి, కళ్ళు మూసుకుని ఎంటరు నొక్కింది. తలుపు తెరుచుకుంది! ఆ క్షణాన, వంటిల్లు నీ చేతికొచ్చిందమ్మా అని అత్తగారు అన్నప్పుడు కూడా అంత గర్వం కలగలేదు. అంకెలు పరిగెత్తాయి, పొంగిపోయి చప్పట్లు కొట్టింది, కాసేపాగి తెరిచి చూస్తే అందులో ఉన్నది తన నుదురు. పెద్దదిగా, ఆశగా, చెమటతో. కెమెరాని ఆడించే వైపు కాక తీసే వైపు తిప్పి పెట్టింది, అది బుద్ధిగా ఎదురుగా ఉన్నదాన్ని తీసింది. ఆయన్ని ఏమన్నా అనే హక్కు ఆ దెబ్బతో సగం పోయింది. మిగతా సగం దాచుకుంది.

ఇదిగో, సముద్రం. బుల్లి తెర మీద తడి ఇసక ఊగుతోంది, ఆయన నడుస్తుంటే కెమెరా చేతికి వేలాడి ఊగుతోంది. అడుగున ఆయన చెప్పుల కొనలు. ఎర్ర బూట్ల చిన్న పాదాలు ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఆగకుండా, పిల్ల! ఎంత పొట్టిగా ఉందో, మోకాళ్ళు తెరలోనే కనపడుతున్నాయి. ఇప్పుడు ఆ మోకాళ్ళకి జీతం వస్తోంది. ఆ పక్కన ఎవరివో ఆడపాదాలు, తెల్లగా, మడమలు నున్నగా, తడి ఇసకలో వేళ్ళు ముంచి తీస్తున్నాయి, తీసి మళ్ళీ ముంచుతున్నాయి, సిగ్గు లేకుండా ఎంత హాయిగా ఉన్నాయో.

"ఎవరమ్మా ఈ అమ్మాయి? మీ చెల్లెలి కూతురా?"

అమ్మ ముందుకి వంగి చూసింది. టకటకటకటక అంది కుర్చీ చేతిమీద. అని, సూది ఉన్న వేలితో కూతురి వైపే చూపించింది.

నేనా? ఇల్లాలు బల్లకింద తన పాదాల వైపు చూసుకుంది, వాటికి క్షమాపణ చెప్పుకున్నట్టు వేళ్ళు కదిపింది. ఈ కాళ్ళే? ఈ కాళ్ళు అలా ఆడుకున్న రోజొకటి ఉందా? గుర్తులేదు, కానీ సాక్ష్యం ఉంది. కడుపులోంచి నవ్వు వచ్చింది, వైరు కదులుతుందని మింగింది. కెమెరాని ఎక్కడో దించినట్టున్నాడు, లోకం పక్కకి ఒరిగింది, సముద్రం గోడలా నిలువుగా నిలబడింది, ఆయన చెప్పులూ ఎర్ర బూట్లూ దూరంగా గోడ ఎక్కి వెళ్ళిపోయాయి. ముందు రెండు పాదాలు మిగిలాయి, నల్ల బూట్లు, కుడిదాని మడమ అరిగి ఉంది. ఆ మడమ లేచింది. పడింది. లేచింది, పడింది, లేచింది, పడింది. ఇల్లాలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అది కుట్టుమిషను తొక్కే మడమ. అమ్మ ఎప్పుడు మాట్లాడినా, మిషను ఉన్నా లేకున్నా, బస్సులో ఉన్నా ఆసుపత్రిలో ఉన్నా, కింద కుడికాలు అలాగే తొక్కుతూ ఉండేది, మాటలు ఆ తొక్కుడుకే బయటికి వస్తున్నట్టు. అది ఆడుతోందంటే అమ్మ మాట్లాడుతోంది. ఇప్పుడు, ఇక్కడ, ఈ బుల్లి తెర వెనక, వైరులో, అమ్మ మాట్లాడుతూ పోతోంది, చెయ్యి వేసి పట్టుకోలేదు, చెవి పెట్టి వినలేదు, వైరు వెచ్చగా ఉందేమోనని వేలితో తాకి చూసింది, పిచ్చిదానిలా. వెచ్చగా ఉంటే మాట ఉన్నట్టు, లేకపోతే లేదు. ఎంతసేపు మాట్లాడుతోందో! మడమ ఆగదే! ఊపిరి పీల్చుకోవడానికైనా ఆగదే! ఎదురుగా ఆ నున్నటి పాదాలు అటు తిరిగి ఉన్నాయి, సముద్రం వైపు, వినని కాళ్ళు. ఏమే, ఇటు తిరగవే, ఓసి మొద్దూ, విను అని ఇల్లాలు వాటిని మనసులోనే గిల్లింది.

నల్ల కిటికీలో అంకెల మధ్య ఒక వాక్యం తటుక్కున పడింది: ఒక ఫ్రేము జారిపోయింది. గుండె కూడా దానితో పాటే జారింది. ఫ్రేమంటే ఎంత? రెప్పపాటులో పదోవంతు కూడా ఉండదు వదినా అని పొద్దునే చెప్పాడు మరిది. ఆ పదోవంతులో అమ్మ ఏ అక్షరం అంటోందో వాడికేం తెలుసు? మళ్ళీ పడలేదు. అంకెలు నడక అందుకున్నాయి. సముద్రం పోయి సిమెంటు నేల వచ్చింది, కుర్చీకాళ్ళ అడవి, సున్నపు గీతలు, బడి ఆటలపోటీ, పిల్ల పరుగు పందెంలో గెలిచినప్పటి అపురూపమైన చిత్రం ఈ టేపులో లేదు, గెలిచాక అందరూ కూర్చుని తిన్న బిస్కెట్ల పొడి ఉంది, దానికి బారులు తీరిన చీమలు ఉన్నాయి, చీమల మీద నిమిషాల తరబడి అద్భుతమైన దృశ్యం, ఆయన ఆ ఒక్కటే నిలకడగా తీశాడు. చీమల వెనక నల్ల బూట్లు. మడమ ఆడుతోంది. పుట్టినరోజు, బల్లకింద, ఊడిన రిబ్బను, బుడగ పగిలిన తునక, ఎవరో చిన్నవాడు కేకుముక్క పెట్టుకుని దాక్కున్నాడు, కెమెరాని చూసి నోటికి వేలు అడ్డం పెట్టాడు, చెప్పకు అన్నట్టు. నల్ల బూట్లు. మడమ ఆడుతోంది. ఇన్ని మాటలు ఉన్నాయా అమ్మ దగ్గర? ఇన్నీ విన్నానా నేను? మూడు దెబ్బల్లో సర్దుకున్న మనిషి, ఇంత సంపద ఉండేదా ఈ మనిషికి, దీన్నంతా ఆ ఆసుపత్రి గుమ్మంలో దించేసి మాట్లాడకుండా, అంటే నిజంగానే మాట్లాడకుండా, ఇంటికి నడిచి వచ్చేసిందా?

తర్వాత తెర నల్లబడింది.

అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. నలుపు. టేపు అయిపోయిందా? లేదు, తిరుగుతోంది. అప్పుడు అర్థమైంది, దీపం వెలిగి ఉండగానే ఆయన కెమెరాని సంచీలో పెట్టేశాడు. పుట్టినరోజునాడు అందరూ వెళ్ళిపోయాక, సంచీ కొక్కేనికి వేలాడుతూ, చీకట్లో, ఆ ఇంటి మాటలన్నీ తాగుతూ. ఆఫీసునుంచి వచ్చిన ఆయన గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ మెడ సాచి చూశాడు.

"నల్లగా ఉందిగా, ఇంకేముంది అందులో? కట్టెయ్, ఫ్యాను వేసుకుందాం."

"ముట్టుకున్నారంటే చూడండి."

"అది కాదే, ఖాళీ టేపు..."

"మీరు తీసినవాటిల్లో ఇదే గొప్పది. వెళ్ళి టీ పెట్టండి. అమ్మకి పంచదారతో."

ఏదో తేడాగా ఉందని అర్థమై ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. పచ్చదీపం కనపడితే ఆగడం ఆయన వృత్తిధర్మానికి విరుద్ధం. ఇల్లాలు ఆ నల్లటి తెరనే చూస్తూ కూర్చుంది. చూడటానికి ఏమీ లేదు కదా, అయినా చూసింది, చెవులతో చూడగలిగినంత గట్టిగా. అలా చూస్తూ చూస్తూ, గదిలో సూది చప్పుడు ఆగిపోయిందని ఆలస్యంగా గమనించింది. అమ్మ బొత్తాం కుట్టడం ఆపేసింది. నల్లటి తెరని కాదు, దాన్ని ఇంత ఆత్రంగా చూస్తున్న కూతురి మొహాన్ని చూస్తోంది. ఎంతసేపటినుంచి చూస్తోందో. గౌను తొడిగి అద్దం ముందు నిలబెడితే, పిల్లకి చంకలో బిగువుందో లేదో పిల్ల చెప్పకముందే కనిపెట్టే కళ్ళు అవి. వాటికి ఏమి దాస్తాం? ఇల్లాలు తల దించుకుంది. అమ్మ చొక్కా మడిచి కిటికీ గట్టున పెట్టింది. నడిమి వేలి తొడుగు మెల్లగా తీసి, చొక్కా జేబులో వేసింది. కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చి కూర్చుంది. వేలికి తొడుగు లేని అమ్మని చూసి ఎన్నాళ్ళయిందో. అక్కడి చర్మం తెల్లగా, చంటిపిల్ల వేలిలా ఉంది. ఇద్దరూ కలిసి ఆ చీకటిని చివరిదాకా చూశారు, మధ్యలో లేచిపోకుండా.

టేపు టక్కున ఆగింది. అంకెలు నిలబడ్డాయి. కెమెరా లోపల ఏదో నాజూగ్గా ఊడిన చప్పుడయింది, మెకానిక్ చెప్పినట్టు ఇక రెండోసారి లేదన్నమాట. సరే. ఫైలు పేరు మీద రెండుసార్లు నొక్కింది, తొందరలో మూడుసార్లు పడింది. పెద్ద తెర నిండా ఇసక తెరుచుకుంది. ఎర్ర బూట్లు పరిగెత్తాయి. నున్నటి పాదాలు ఆడాయి. చప్పుడు లేదు. అలలు వచ్చి విరిగాయి, చప్పుడు లేదు. గదిలో గోడగడియారం, వంటింట్లో గిన్నె, అంతే. ఇల్లాలు అలాగే చూస్తోంది. శబ్దం చెప్పకుండా పోతుందమ్మా. పోతే పోయింది, మడమ ఉంది కదా, కాళ్ళున్నాయి కదా, మొదట్లో అడిగింది బొమ్మైనా వస్తే చాలనే కదా; అబద్ధం, ఎప్పుడూ అనుకోలేదు అలా, ఒక్క నిమిషం కూడా అనుకోలేదు. అమ్మ చెయ్యి వచ్చి వీపుమీద పడింది. ఓదార్పు. తన గొంతు పోతే తనే ఓదారుస్తోంది. ఆ చెయ్యి బరువుకి కళ్ళలో నీళ్ళు తిరిగి, తెర అలుక్కుపోయి, తెర కింద మూలనున్న బుల్లి స్పీకరు బొమ్మ కూడా అలుక్కుపోయింది, దాని మీదున్న ఎర్ర అడ్డగీతతో సహా. ఎర్ర గీత. పొద్దున తప్పు కొట్టిన ప్రతిసారీ ఈ పెట్టె టింగు టింగుమని ఎగతాళి చేస్తుంటే, నోరు ముయ్యవే అని దాని గొంతు నొక్కేసింది ఎవరు? ఎవరండీ ఆ మహాతల్లి?

"ఓసి నా తెలివి తెల్లారా!" అని పైకే అని, నొక్కింది.

సముద్రం గదిలో పడింది. హోరు! గాలి, కాకులు, పిల్ల కేరింత, అందరి మీదా ఆయన గొంతు, ఇప్పటికంటే పల్చగా, ఎంతో నమ్మకంగా: "ఎర్రది వెలిగింది, ఆగిపోయింది. ఇంక మీ ఇష్టం అత్తయ్య గారూ, మాట్లాడుకోండి." ఇసక ఒరిగింది, సముద్రం గోడయింది.

"హమ్మయ్య. ఆ డబ్బా చూస్తే నాకు మాట పెగలదే? సరే గానీ, పిల్ల గౌను కుచ్చు చూశావా? సముద్రానికి ఎవరన్నా సిల్కు తొడిగి తెస్తారా?"

స-లు ఈల వేశాయి. వాక్యం చివర పైకి లేచింది. ఎడమ మూలనుంచి వచ్చింది, అవును, ఎడమ మూలనుంచే, సూదులు లేకపోయినా సూదుల మధ్యనుంచే. ఇదే. ఇదే కదా. ఇంత బొంగురా? ఇంత బొంగురని ఎవరికీ చెప్పలేదే, పరీక్షలో ఈ ముక్క రాయనేలేదే! ఉప్పు, నాలుక మీద ఉప్పు. ఇల్లాలి లోపల వరసగా తలుపులు తెరుచుకుపోయాయి, గలీబు మూల దగ్గర గుర్తొచ్చిన మాట తన గొంతు వదిలేసి వెళ్ళి అమ్మ గొంతులో చేరింది, ఆ తిట్టు వెళ్ళి చేరింది, జ్వరంలో పిలిచిన పిలుపు, గుమ్మంలోంచి వేసిన కేక, అద్దె కొంపలోంచి సొంతింటికి సామాను మోసుకుపోయినట్టు, ఒక్కొక్కటీ, తోసుకుంటూ, నవ్వుకుంటూ. మొదటి మాట మళ్ళీ వినాలి, ఆ హమ్మయ్య మళ్ళీ వినాలి అని వెనక్కి తిప్పబోయింది. అమ్మ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. తొడుగు లేని వేళ్ళు, గట్టిగా. వద్దు, పోనీ. అమ్మ తెర వైపు వంగి ఉంది, నోరు కాస్త తెరుచుకుని, కనుబొమ్మలు పైకెత్తి, ఎవరో చాకులాంటి మాటకారిని మొదటిసారి కలిసినదానిలా. ఆ మనిషి తర్వాత ఏమంటుందో అమ్మకి తెలియదు, తెలుసుకోవాలని ఉంది.

"మీ ఆయన చూడు," అంది ఆ మనిషి, "ఊళ్ళో దీపాలన్నీ ఈయన చేతిలో. మీ స్నానాలగది బల్బు పోయి ఎన్నాళ్ళయిందే?"

"అత్తయ్య గారూ!" అన్నాడు ఆయన గుమ్మంలో, చేతిలో టీ గ్లాసులతో. "మారుస్తానన్నానుగా!"

ఎంత కాలంనాటి బల్బో అది, ఇల్లు కూడా మారారు, అయినా మారుస్తానన్నాడు. ఇల్లాలికి నవ్వు ఆగలేదు. అమ్మ భుజాలు ఊగుతున్నాయి, చప్పుడు లేకుండా, కళ్ళ నీళ్ళతో. తెర మీద ఆ పడుచు పాదాలు కూడా నవ్వుతున్నాయి, వేళ్ళు ముడుచుకుని. వింటున్నాయే! అటు తిరిగి ఉన్నా వింటూనే ఉన్నాయి! బల్లకింద అమ్మ కుడి మడమ లేచింది, పడింది.

"అది సరే, అసలు సంగతి చెప్పనేలేదు," అంది అమ్మ గొంతు, ఉన్నట్టుండి తగ్గి. "అల్లుడు గారు అటు వెళ్ళారా? వెళ్ళారుగా? ఇలా దగ్గరికి రా."

ఇల్లాలు అమ్మ వైపు చూసింది. ఏమిటమ్మా అది అన్నట్టు. అమ్మ తల అడ్డంగా ఊపింది. గుర్తులేదు. అమ్మకీ గుర్తులేదు.

అల్లుడు గారు వెళ్ళలేదు. గ్లాసులు నేలమీద పెట్టి, చప్పుడు కాకుండా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ముగ్గురూ స్పీకరు దగ్గరికి వంగారు.